ఇంకా ఏం మానెయ్యాలి అంటున్నారు, నేనైతే కొన్ని మళ్ళీ మొదలుపెట్టమంటాను

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే పని. ఏడాదిన్నరగా కడుపు ఉబ్బరం, గ్యాస్, పొద్దున బాగానే ఉంటుంది, సాయంత్రానికి ప్యాంట్ బిగుతైపోతుంది. రెండు మూడు రోజులు మోషన్ సరిగ్గా రాదు, తర్వాత ఒకరోజు మూడు నాలుగు సార్లు లూజ్‌గా వెళ్తుంది. రాత్రి పడుకుంటే గొంతు దాకా పులుపు ఎగదన్నుతుంది. ఎవరో పాలు మానమంటే మానేశాను, ఇంకెవరో గోధుమ మానమన్నారు, తర్వాత పప్పులు, కారం, ఉల్లి, వెల్లుల్లి అన్నీ మానేశాను. ఇప్పుడు అన్నం, ఉడికించిన రెండు మూడు కూరగాయలు, అంతే. నాలుగు కిలోలు తగ్గాను, ఉబ్బరం మాత్రం తగ్గలేదు. ఫైబర్ మంచిదని చదివి పోయిన వారం గోధుమ పొట్టు రోజూ రెండు పెద్ద స్పూన్లు తిన్నాను, ఇంకా ఎక్కువైంది. పొద్దున్నే ఎసిడిటీ టాబ్లెట్ నేనే కొనుక్కుని వేసుకుంటున్నా. నోరు పుల్లగా ఉంటుందని షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ నములుతూ ఉంటాను. భోజనం మధ్యలో నీళ్ళు తాగడం కూడా ఆపేశాను. ఇంకా ఏం మానెయ్యాలి?

సమాధానం: ముందు ఆ నాలుగు కిలోల సంగతి చూద్దామండీ. మీరు లెటర్ మధ్యలో అలా అనేసి వెళ్ళిపోయారు గానీ నాకు మీ ఉబ్బరం కన్నా ముందు కళ్ళకి తగిలింది అదే. తిండి ఇంత తగ్గించేస్తే బరువు తగ్గడం మామూలే, చాలావరకు కారణం అదే అయ్యుంటుంది, కానీ నేను తిండి గురించి సలహాలిచ్చే మనిషినే తప్ప డాక్టర్ని కాదు, కడుపు బాలేనప్పుడు బరువు కూడా తగ్గుతుంటే డాక్టర్ ఒకసారి చూడాల్సిందే, ఇందులో బేరం లేదు. దాంతోపాటు మోషన్‌లో రక్తం పడటం, తారులా నల్లగా రావడం, మింగుతుంటే అడ్డం పడినట్టుండటం, రక్తం తక్కువుందని టెస్టులో రావడం, నిద్రలోంచి లేపేసే నొప్పి గానీ మోషన్ గానీ, ఆగకుండా వాంతులు, జ్వరం, ఇంట్లో రక్తసంబంధీకులకి పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉండటం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా నేను కింద రాసేదంతా పక్కన పెట్టేసి ముందు అక్కడికి వెళ్ళండి. ఏవీ లేకపోయినా ఈ నెలలోనే ఒకసారి వెళ్ళి చూపించుకోండి, ఈలోపు తిండి సంగతి మనం చూసుకోవచ్చు.

ఇక మీరడిగింది. ఇంకా ఏం మానెయ్యాలి అంటే, నా జవాబు ఒక్కటే వస్తువు, ఆ చూయింగ్ గమ్. మీ లెటర్ మొత్తంలో మీరు మానకుండా మిగిల్చింది అదొక్కటే, చూశారా. షుగర్‌ఫ్రీ గమ్‌లో తీపి కోసం సార్బిటాల్, జైలిటాల్, మానిటాల్ లాంటివి వేస్తారు, ఇవి చిన్నపేగులో సరిగ్గా ఒంటికి పట్టవు, నీళ్ళని లాక్కుంటూ పెద్దపేగు దాకా వెళ్ళిపోతాయి, అక్కడున్న బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. ఒక్కో గమ్ ముక్కలో సార్బిటాల్ సుమారు 1 గ్రాము పైచిలుకు ఉంటుంది, రోజుకి 5 నుంచి 20 గ్రాముల మధ్యే చాలామందికి ఉబ్బరం, కడుపులో మెలిపెట్టడం మొదలవుతుంది, 20 దాటితే లూజ్ మోషన్స్. మీరు రోజుకి ఎన్ని నములుతున్నారో రాయలేదు, "నములుతూ ఉంటాను" అన్నారంటే ఒకటీ రెండూ అయితే కాదు అనుకుంటున్నా. పైగా నమిలినంతసేపు గాలి మింగుతూ ఉంటాం. గమ్ వల్ల లాలాజలం ఎక్కువ ఊరి పులుపుకి కాస్త ఉపశమనం వచ్చే మాట నిజమే, అందుకే మీకు అది మందులా అనిపించి ఉంటుంది, తప్పు మీది కాదు. కానీ పాలు, పప్పులు, గోధుమ అన్నీ ఇంట్లోంచి బయటికి పంపేసి దీన్ని జేబులో పెట్టుకుని తిరిగితే ఉబ్బరం ఎక్కడికి పోతుంది చెప్పండి. రెండు వారాలు పూర్తిగా ఆపి చూడండి, షుగర్‌ఫ్రీ మింట్ బిళ్ళలు కూడా, గ్యాస్ ఉన్న కూల్‌డ్రింకులు, సోడా తాగే అలవాటుంటే అవి కూడా.

ఒక్కటొక్కటిగా మానుకుంటూ పోవడంలో ఉన్న చిక్కేంటో చెప్తాను. ఇలాంటి కడుపు ఇబ్బంది ఎప్పుడూ ఒకేలా ఉండదు, ఒక వారం బాగుంటుంది ఒక వారం బాగోదు, దానంతటదే పెరిగి దానంతటదే తగ్గుతుంది. మనం ఎప్పుడు మానేస్తాం? బాగా ఎక్కువైన వారంలోనే కదా. తర్వాతి వారం ఎటూ కాస్త తగ్గేదే, అది పాలు మానడం వల్లే అనుకుంటాం. మళ్ళీ పెరుగుతుంది, ఓహో పాలు ఒక్కటే కాదు గోధుమ కూడా అనుకుంటాం. ఇలా ఒక్కోసారి ఒక్కోదాని మీద నేరం వేసుకుంటూ పోతే చివరికి ప్లేట్‌లో అన్నం మిగులుతుంది, అసలు దొంగ ఎవరో మాత్రం తెలీదు. మానడం తప్పని కాదు నేననేది, మానింది మళ్ళీ తిని చూసుకోకపోతే ఆ మానడం వల్ల మనకి ఏమీ తెలిసినట్టు కాదు.

ఇంకో విషయం. మీరు ఏం తింటున్నారో రాశారు, ఎప్పుడు తింటున్నారో, ఎంతసేపట్లో తింటున్నారో ఒక్క ముక్క రాయలేదు. నా దగ్గరికొచ్చే వాళ్ళలో చాలామంది ఇంతే, ఏంటి అన్నదాని మీదే మొత్తం దృష్టి. కూర్చుని చేసే పనుల్లో ఉన్నవాళ్ళు పొద్దున ఏదో కాఫీతో సరిపెట్టి, మధ్యాహ్నం స్క్రీన్ చూస్తూ ఐదు నిమిషాల్లో మింగేసి, రాత్రి పొద్దుపోయాక కడుపు నిండా తిని పడుకోవడం చాలా ఎక్కువగా చూస్తుంటా, మీదీ అదే అయితే సగం పని ఇక్కడే ఉంది.

పొద్దున తినడం ఎందుకు ముఖ్యమంటే, జీర్ణాశయంలోకి తిండి పడగానే పెద్దపేగుకి కదలమని సంకేతం వెళ్తుంది, ఇది శరీరంలో పుట్టుకతో ఉండే ఏర్పాటు, రోజు మొత్తంలో ఈ కదలిక గట్టిగా ఉండేది పొద్దున లేచి తిన్న తర్వాతే. ఆ టైమ్‌లో తినకపోతే, లేదా తిన్నాక వచ్చిన అర్జెంటుని ఆఫీసు హడావిడిలో ఆపేసుకుంటే, ఆ మోషన్ లోపలే ఉండిపోతుంది, పెద్దపేగు చేసే పనే నీళ్ళు పీల్చుకోవడం కాబట్టి అది గట్టిపడుతుంది, దాని వెనక గ్యాస్ ఆగుతుంది, సాయంత్రానికి ప్యాంట్ బిగుతు. అందుకే రోజూ లేచిన గంటా గంటన్నరలోపు ఏదో ఒకటి కాస్త వేడిగా తినండి, తిన్న పావుగంట అరగంటకి తొందరేం లేకుండా టాయిలెట్‌కి వెళ్ళి కూర్చోండి, వచ్చినా రాకపోయినా పది నిమిషాలు మించి కూర్చోవద్దు, ఫోన్ బయట పెట్టి వెళ్ళండి. కుర్చీలా ఉండే కమోడ్ అయితే కాళ్ళ కింద చిన్న పీట వేసుకుని మోకాళ్ళు నడుము కన్నా పైకొచ్చేలా కూర్చుంటే దారి నిటారుగా అయ్యి ముక్కే అవసరం తగ్గుతుంది. వినడానికి చాలా చిన్న విషయంలా ఉంటుంది గానీ మలబద్ధకం ఉన్నవాళ్ళకి ఇది బాగా పనిచేస్తుంది.

రెండు మూడు రోజులు రాకుండా ఉండి ఒకరోజు లూజ్‌గా వెళ్తోంది అన్నారు కదా, ఇలా ఉంటే చాలామంది నాకు మలబద్ధకమా విరేచనాలా అని కంగారుపడతారు, అసలు రెండూ ఒకటే సమస్య కావచ్చు, లోపల గట్టిగా పేరుకున్నదాని పక్కనుంచి పల్చగా జారడం ఉంటుంది, లేదా ఐబీఎస్ అని, పేగులు పైకి బాగానే కనిపించినా పని మాత్రం తేడాగా చేసే ఇబ్బంది ఒకటుంది, దాంట్లో రెండూ మారిమారి వస్తాయి. ఐబీఎస్ అని డాక్టర్లు ఎప్పుడంటారంటే, గత మూడు నెలల్లో సగటున వారానికి కనీసం ఒకరోజు కడుపునొప్పి ఉండాలి, ఆ నొప్పికి మోషన్‌తో సంబంధం ఉండటం, ఎన్నిసార్లు వెళ్తున్నారన్నది మారడం, గట్టిగానో పల్చగానో రూపం మారడం, ఈ మూడింట్లో కనీసం రెండు ఉండాలి, మొదలై ఆర్నెల్లైనా అయ్యుండాలి. మీరు నొప్పి గురించి రాయనే లేదు, కాబట్టి మీకు మీరే ఆ పేరు పెట్టేసుకోకండి. రోజూ రాకపోతే జబ్బు అని కూడా లేదు, రోజుకి మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా మామూలే. లెక్క కన్నా రూపం చూసుకోవడం మంచిది. బ్రిస్టల్ స్టూల్ చార్ట్ అని 1997 లో వచ్చిన ఏడు రకాల బొమ్మల పట్టిక ఉంది, ఒకటి అంటే గోలీల్లా విడివిడిగా గట్టిగా, ఏడు అంటే పూర్తిగా నీళ్ళు, మూడూ నాలుగూ అయితే బాగున్నట్టు. డాక్టర్‌కి "సరిగ్గా రావట్లేదు" అని చెప్పేకన్నా "మూడురోజులు రెండో నంబర్, నాలుగో రోజు ఆరు" అంటే చటుక్కున అర్థమవుతుంది, సిగ్గూ తక్కువ.

ఫైబర్ దగ్గరికొద్దాం. గోధుమ పడట్లేదని గోధుమ మానేసి, మళ్ళీ గోధుమ పొట్టు రోజూ రెండు స్పూన్లు తిన్నారు. నవ్వొచ్చింది గానీ ఇది మీరొక్కరే చేసే పని కాదు. ఫైబర్‌లో రెండు రకాలు, నీళ్ళలో కరిగి జిగురులా అయ్యేది ఒకటి, కరగకుండా గరుకుగా ఉండేది ఒకటి. గోధుమ పొట్టు ఎక్కువగా ఆ గరుకు రకం, పేగులు సున్నితంగా ఉన్నవాళ్ళకి అది ఉబ్బరాన్ని పెంచుతుంది, అదేం మీ కడుపు లోపం కాదు. జిగురు రకానికి మంచి ఉదాహరణ ఇసబ్‌గోల్, ఇది గట్టిగా ఉన్నదాన్ని మెత్తబరుస్తుంది, పల్చగా ఉన్నదాన్ని కూడగడుతుంది, అందుకే మీలా అటూ ఇటూ ఊగేవాళ్ళకి నేను ఇదే చెప్తాను. ఓట్స్‌లో కూడా ఈ రకం బాగా ఉంటుంది. ఇసబ్‌గోల్ మొదట రోజుకి ఒక్క చిన్న స్పూన్, పెద్ద గ్లాసు నీళ్ళలో కలిపి వెంటనే తాగెయ్యాలి, ఆలస్యం చేస్తే గ్లాసులోనే గట్టిపడుతుంది, నీళ్ళు తక్కువైతే గొంతులో ఇరుక్కునే ప్రమాదం కూడా ఉంది, మింగడం కష్టంగా ఉన్నవాళ్ళు దీని జోలికి వెళ్ళకూడదు. పొడిగా నోట్లో వేసుకోవద్దు. పడుకునే ముందు వద్దు. వేరే మందులేమైనా వేసుకుంటుంటే వాటికీ దీనికీ రెండు గంటలు తేడా ఉంచండి. వారం తర్వాత బాగుంటే ఇంకో స్పూన్. అలా మెల్లగానే పెంచాలి, ఎందుకంటే పేగుల్లో బ్యాక్టీరియా కొత్త తిండికి అలవాటుపడటానికి టైమ్ పడుతుంది, ఒకేసారి పోస్తే గ్యాసే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 లో ఇచ్చిన సూచన ప్రకారం పెద్దవాళ్ళకి రోజుకి కనీసం 25 గ్రాముల ఫైబర్ తిండిలోంచే రావాలి. మీ ఇప్పటి ప్లేట్ లెక్కేస్తే, తెల్లన్నం ఒక కప్పులో ఒక గ్రాము కూడా ఉండదు, ఉడికించిన కూరగాయలు కలిపినా పది దాటడం కష్టం. అదే ఉడికించిన పప్పు ఒక కప్పులో సుమారు 15 గ్రాములు, ఒక యాపిల్ తొక్కతో తింటే నాలుగు దాకా. అంటే మలబద్ధకం పోవాలని మీరు మానేసిన వాటిలోనే మలబద్ధకం తగ్గించేవి కూడా వెళ్ళిపోయాయన్నమాట. పండ్లలో కివీ రోజుకి రెండు తింటే మోషన్ సాఫీగా అవుతుందని చాలా పరిశోధనల్లో వచ్చింది, గ్యాస్ కూడా పెద్దగా చెయ్యదు, మీకు దొరికితే దాంతో మొదలుపెట్టొచ్చు.

నీళ్ళ మాట అడగలేదు గానీ రాశారు కాబట్టి చెప్తున్నా, భోజనం మధ్యలో నీళ్ళు తాగితే జీర్ణరసాలు పల్చబడిపోయి అరగదు అనేది ఉత్తమాట. జీర్ణాశయం అవసరాన్ని బట్టి యాసిడ్‌ని సర్దుకుంటుంది, మనం తినే కూరగాయల్లో పండ్లలో ఉన్నదే బోలెడు నీళ్ళు. ఒకేసారి లీటర్ తాగి పొట్ట నింపుకోవద్దు, పులుపు ఎగదన్నేవాళ్ళకి అది ఇబ్బంది, అంతవరకే. మామూలుగా తాగండి. ఇసబ్‌గోల్ మొదలుపెట్టాక నీళ్ళు మానడం అయితే అస్సలు కుదరదు.

రాత్రి పులుపుకి తిండి మార్చేకన్నా టైమ్ మార్చడం ఎక్కువ పనిచేస్తుంది. తిన్నది జీర్ణాశయంలోంచి కిందికి దిగడానికి రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది, కొవ్వు ఎక్కువుంటే ఇంకా ఆలస్యం, ఆ లోపు అడ్డంగా పడుకుంటే పైకి రాక ఎక్కడికి పోతుంది. పడుకోవడానికి మూడు గంటల ముందే భోజనం అయిపోవాలి, రోజులో పెద్ద భోజనం మధ్యాహ్నానికి జరిపి రాత్రిది తగ్గించాలి. మంచం తలవైపు కాళ్ళ కింద చెక్కలో ఇటుకలో పెట్టి 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తండి, ఊరికే రెండు దిండ్లు ఎక్కువ వేసుకుంటే మెడ వంగుతుంది, పొట్ట నొక్కుకుపోతుంది తప్ప లాభం లేదు. ఎడమవైపు తిరిగి పడుకోండి, అటు తిరిగితే జీర్ణాశయం అన్నవాహిక కన్నా కింద ఉంటుంది, యాసిడ్ పైకి రావడం తగ్గుతుంది. కాఫీ, చాక్లెట్, పుదీనా, నూనెలో వేయించినవి, మద్యం కొందరికి పులుపు పెంచుతాయి, అందరికీ కాదు, మీకు ఏది పెంచుతోందో మీరే చూసుకోవాలి. మంట అనిపించినప్పుడు చల్లటి పాలు తాగితే ఆ నిమిషానికి హాయిగా ఉంటుంది, కాసేపటికి పాలవల్లే ఇంకాస్త యాసిడ్ ఊరుతుంది, కాబట్టి రాత్రి పడుకోబోయే ముందు అది మందు అనుకోవద్దు.

కారం గురించి ఒక మాట. కారం తిని తిని అల్సర్ తెచ్చుకున్నాడు అని అందరం అంటుంటాం, డాక్టర్లు కూడా ఒకప్పుడు కారం, టెన్షన్ వల్లే అల్సర్లు అనుకునేవాళ్ళు. 1982 లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు డాక్టర్లు దీని వెనక హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా ఉందని పట్టుకున్నారు, ఎవరూ నమ్మకపోతే 1984 లో మార్షల్ ఆ బ్యాక్టీరియాని తనే తాగేసి కడుపులో వాపు తెచ్చుకుని మరీ చూపించాడు. 2005 లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అల్సర్లకి ఈ బ్యాక్టీరియా ఒక పెద్ద కారణం, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి టాబ్లెట్లు ఇంకో పెద్ద కారణం. మీరు వెన్నునొప్పికో తలనొప్పికో ఇలాంటివి తరచూ వేసుకుంటుంటే కారం మానడం కన్నా అది డాక్టర్‌కి చెప్పడం ముఖ్యం. కారం వల్ల అల్సర్ రాదు గానీ ఉన్న మంటని గుర్తుచేస్తుంది, పేగులు సున్నితంగా ఉన్నవాళ్ళకి నొప్పి, మోషన్ అర్జెంటు పెంచుతుంది కూడా, కాబట్టి ప్రస్తుతానికి తగ్గించే ఉంచండి, జీవితాంతం చప్పిడి తినక్కర్లేదు.

ఎసిడిటీ టాబ్లెట్ ఏదో పేరు రాయలేదు, చాలామంది వాడేది ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ రకం. ఇవి తిండికి అరగంట నుంచి గంట ముందు వేసుకుంటేనే సరిగ్గా పనిచేస్తాయి, పొద్దున వేసుకుని మధ్యాహ్నం దాకా ఏమీ తినకపోతే సగం వృథా. నెలల తరబడి వాడాక ఒక్కసారిగా ఆపేస్తే యాసిడ్ ముందుకన్నా ఎక్కువ ఊరి, చూశావా ఇది లేకపోతే నేను బతకలేను అనిపిస్తుంది, అది కొద్దివారాలు ఉండి తగ్గే విషయం. కాబట్టి మీకు మీరుగా ఆపొద్దు, మీకు మీరుగా కొనసాగించొద్దు, డాక్టర్‌ని కలిసినప్పుడు ఎలా తగ్గించాలో అడగండి.

ఇప్పుడు మానినవి వెనక్కి తెచ్చుకునే పని. మొదటి రెండు వారాలు కొత్తది ఏదీ తేవద్దు, గమ్ ఆపడం, టైమ్‌కి తినడం, నెమ్మదిగా నమలడం, ఇసబ్‌గోల్, మధ్యాహ్నం రాత్రి తిన్నాక పదిహేను నిమిషాలు నడవడం, ఇంతే. దీంతోనే ఉబ్బరం సగానికి తగ్గినా నేను ఆశ్చర్యపోను. ఆ తర్వాత ఒక్కో వస్తువూ. పద్ధతి ఏంటంటే మొదటిరోజు కొంచెం, రెండోరోజు ఇంకొంచెం, మూడోరోజు మామూలుగా తినేంత, ఆ తర్వాత రెండు మూడు రోజులు అది ఆపి చూడటం, అప్పుడు ఇంకోటి. ఒకేరోజు రెండు కొత్తవి తెస్తే మళ్ళీ మొదటికే.

నేనైతే పాలతో మొదలుపెడతాను, కానీ పెరుగు రూపంలో. పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర అరగడానికి లాక్టేజ్ అనే ఎంజైమ్ కావాలి, పెద్దయ్యాక ప్రపంచంలో మూడింట రెండొంతుల మందికి అది తగ్గిపోతుంది, అది జబ్బేమీ కాదు. తగ్గినా పూర్తిగా సున్నా కాదు కాబట్టి చాలామంది ఒక కప్పు పాలు, అంటే సుమారు 12 గ్రాముల లాక్టోజ్, భోజనంతో కలిపి తీసుకుంటే బాగానే తట్టుకుంటారు, ఖాళీ కడుపుతో గ్లాసుడు గడగడా తాగితేనే తేడా. పెరుగులో ఉన్న బ్యాక్టీరియా ఆ లాక్టోజ్‌ని అరిగించడంలో సాయం చేస్తుంది, గట్టి చీజ్‌లో లాక్టోజ్ దాదాపు ఉండదు. పెరుగు పడితే, పాలు పావు కప్పు నుంచి.

గోధుమ విషయంలో మాత్రం ఆగండి. గోధుమలో గ్లూటెన్ వల్ల పేగు లోపలి పొర దెబ్బతినే సీలియాక్ అనే జబ్బు ఒకటుంది, సుమారు నూటికి ఒకరికి ఉంటుంది, దానికి రక్తపరీక్ష ఉంది, కానీ గోధుమ మానేశాక చేయించుకుంటే ఉన్నా లేనట్టే రావచ్చు. టెస్టుకి ముందు కనీసం ఆరు వారాలు రోజూ గోధుమ తింటూ ఉండాలి. బరువు తగ్గారు కాబట్టి ఇది డాక్టర్‌ని తప్పకుండా అడగండి, ఎప్పుడు మానేశారో తేదీ చెప్పి, ఎప్పట్నించి మళ్ళీ తినాలో ఆయన చెప్పినట్టు చెయ్యండి. సీలియాక్ కాదని తేలితే, గోధుమతో ఉబ్బరం వచ్చేవాళ్ళలో చాలామందికి తేడా గ్లూటెన్‌తో కాదు, అందులో ఉండే ఫ్రక్టాన్స్ అనే పిండిపదార్థంతో, అప్పుడు ఒక ముక్క రెండు ముక్కలు బ్రెడ్ తింటే ఏమీ కాదు, ఆరు తింటేనే ఇబ్బంది, అంటే మొత్తం మానాల్సిన పనే లేదు.

ఉల్లి వెల్లుల్లిలో ఉండేదీ ఈ ఫ్రక్టాన్సే, కొంచెమే వేసినా కొందరికి ఉబ్బరం వస్తుంది. వీటికి మాత్రం మంచి ఉపాయం ఉంది, ఫ్రక్టాన్స్ నీళ్ళలో కరుగుతాయి, నూనెలో కరగవు. అందుకని వెల్లుల్లి రెబ్బలు పెద్ద ముక్కలుగానే నూనెలో వేసి, సన్న మంట మీద అంచులు బంగారు రంగు తిరిగేదాకా ఉంచి, ముక్కలు మొత్తం తీసి పారేసి, ఆ నూనెతో వంట చేసుకోండి. వాసన రుచి అంతా నూనెలోకి దిగుతుంది, గ్యాస్ చేసేది ముక్కల్లోనే ఉండిపోతుంది. అప్పటికప్పుడు చేసుకోవాలి, వెల్లుల్లి నూనె చేసి బయట నిల్వ పెడితే విషమయ్యే బ్యాక్టీరియా పెరగొచ్చు. పులుసులాంటి వాటిలో వేసి చివర్లో ముక్కలు ఏరేస్తే లాభం లేదు, అప్పటికే నీళ్ళలో కరిగిపోయి ఉంటాయి. ఉల్లికాడల్లో పచ్చటి భాగం చాలామందికి పడుతుంది, కింద తెల్లటిది వద్దు.

పప్పులు, బీన్స్, శనగలు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో మెత్తగా ఉడికించండి, గ్యాస్ చేసే చక్కెరలు కొన్ని ఆ నీళ్ళతోనే పోతాయి. మొదట రెండు పెద్ద స్పూన్లే. పప్పు తిన్నాక కాస్త గ్యాస్ రావడం అందరికీ ఉంటుంది, రోజుకి పది ఇరవైసార్లు గ్యాస్ పోవడం మామూలే అని కూడా తెలుసుకోండి, మనకి కావాల్సింది సున్నా కాదు. పండ్లలో యాపిల్, పియర్, మామిడి, పుచ్చకాయ, వీటితో పాటు తేనె, ఇవి గ్యాస్ వైపు మొగ్గేవి, మరీ మగ్గని అరటి, కమలా, కివీ కడుపుకి తేలికైనవి. ఒకేసారి పెద్ద గిన్నెడు పండ్లు తినకుండా, ఒక్కో పూట ఒకటి చాలు.

ఈ లిస్ట్ అంతా చూసి మీకు ఫాడ్‌మ్యాప్ డైట్, అంటే పేగులో సరిగ్గా పట్టక గ్యాస్ చేసే పిండిపదార్థాలని కొన్నాళ్ళు తగ్గించి చూసే పద్ధతి, గుర్తొచ్చి ఉంటుంది, అవును అదే లెక్క, మెల్‌బోర్న్‌లో మొనాష్ యూనివర్సిటీ వాళ్ళు 2005 నుంచి దీని మీద పనిచేశారు. కానీ వాళ్ళు చెప్పింది రెండు నుంచి ఆరు వారాలు తగ్గించి, తర్వాత ఒక్కొక్కటీ వెనక్కి తెచ్చుకోమని. జనం మొదటి సగం చదివి అక్కడే ఆగిపోతున్నారు. మీరు ఇప్పటికే దానికన్నా గట్టిది చేసేశారు, బరువు కూడా తగ్గారు, కాబట్టి మళ్ళీ ఆ మొదటి సగంలోకి వెళ్ళొద్దు. రక్తం తీసుకుని వంద తిండ్ల లిస్ట్ ఇచ్చి ఇవి మీకు పడవు అని చెప్పే ఐజీజీ టెస్టులు కూడా వద్దు, ఆ నంబర్లు చెప్పేది మీరు అవి తింటున్నారని మాత్రమే, ఎలర్జీ డాక్టర్ల సంఘాలే అవి పనికిరావని చెప్తున్నాయి.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. ఏం తిన్నారు, ఎన్నింటికి, ఎంతసేపట్లో, ఉబ్బరం పదికి ఎంత, మోషన్ నంబర్ ఎంత, నిద్ర ఎలా పట్టింది, ఆరోజు పనిలో ఒత్తిడి ఉందా, ఆడవాళ్ళయితే పీరియడ్ తేదీలు కూడా. ఒత్తిడి ఎందుకంటే పేగులకి మెదడుకి మధ్య నరాల దారి రెండువైపులా నడుస్తుంది, మీటింగ్ ఉన్న రోజే ఉబ్బరం వస్తోందని రాసి చూసుకుంటేగానీ తెలీదు, ఆరోజు తిన్న ఉల్లిపాయ అన్యాయంగా ఇరుక్కుంటుంది. చాంతాడంత వివరాలు రాయకండి, మూడోరోజుకే విసుగొచ్చి ఆపేస్తారు, పూటకి ఒక లైన్ చాలు.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ నోట్‌బుక్‌తో పాటు మీరు వేసుకునే ప్రతి టాబ్లెట్ తీసుకెళ్ళండి, విటమిన్లు కూడా. ఐరన్ మలబద్ధకం చేస్తుంది, మోషన్ నల్లగా కూడా చేస్తుంది, కాల్షియం మలబద్ధకం చేస్తుంది, షుగర్ ఉన్నవాళ్ళు వాడే మెట్‌ఫార్మిన్ గ్యాస్, లూజ్ మోషన్స్ చేస్తుంది, ఇవేవీ తిండి మార్చితే పోయేవి కావు. రక్తం శాతం, థైరాయిడ్, సీలియాక్ పరీక్ష, పైలోరి పరీక్ష, మీకు వీటిలో ఏవి అవసరమో ఆయన్నే అడగండి, పైలోరి పరీక్ష రాస్తే మాత్రం ఎసిడిటీ టాబ్లెట్ వాడుతున్నానని ముందే చెప్పండి, ఎందుకంటే శ్వాస పరీక్ష, మోషన్ పరీక్ష లాంటివాటికి అది రెండు వారాల ముందు నుంచే ఆపాల్సి ఉంటుంది, లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా లేదని వచ్చే అవకాశం ఉంది.